అబద్ధ మెవ్వరిది?

మేము పాఠశాలలో పిల్లలచే వ్రాయించు చూచివ్రాతలలో నిజము చెప్పవలెనను వాక్యము మొదటి పుటలోనే యుండును. ఇరువదేండ్లకు పైగా దానిని నల్లబల్లపై వ్రాయుచున్నాము. వేలకొలది పిల్లలు దానిని గుండ్రని యక్షరములతో దించుకొని, మాచేత మార్కులు వేయించుకొని, పెద్దవారై లోకములోనికి బోయిరి. వినువారు వినలేనివారైనచో నిజము చెప్పుట యెట్లని వారిలో నొక్కరైనను మమ్మడుగలేదు. అట్లడిగిన మొదటి శిష్యురాలు గడచిన వేసవిలో మాకు హైదరాబాదు నగరమున, హైటెక్ సిటీకి సమీపమున, ఒక టీకొట్టు ముందు కనబడినది. అప్పటికప్పుడు మాకు బదులు తోచలేదు. ఇల్లు చేరి కొన్ని నెలలాలోచించిన పిమ్మట తోచినదానిని పాఠకుల యెదుట నుంచుచున్నాము. ఆడపిల్లను దూరమునకు ఉద్యోగమునకు బంపిన ప్రతి గృహమునకును ఈ ప్రశ్నతో పని గలదని మా నమ్మకము.

ముందుగా ఆ ప్రదేశమును గూర్చి చెప్పవలెను. ఏలయన ఈ ప్రశ్న అచ్చట బుట్టినది. మాదాపూరు ఒకప్పుడు రాతిగుట్టల నడుమ నున్న పల్లె. 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు అచ్చట సైబర్ టవర్సు అను భవనమును ప్రారంభించిరి. అది మొదలు గుట్టలు కరగి గాజుమేడలు లేచినవి. గచ్చిబౌలి, కొండాపూరు, రాయదుర్గము, నానక్‌రామ్‌గూడ అను పేరులు రెండు తెలుగు రాష్ట్రములలోను ప్రతి పల్లెకును పరిచితములైనవి. 2019వ సంవత్సరము మార్చిలో మెట్రోరైలు హైటెక్ సిటీకిని, నవంబరులో రాయదుర్గమునకును వచ్చినది. మరుసటి యేడు దుర్గము చెరువుపై తీగల వంతెన వెలసినది. ప్రభుత్వపు లెక్కల ప్రకారము 2022-23 నాటికే తెలంగాణలో ఐటీ వృత్తిలో నున్నవారు తొమ్మిది లక్షలు దాటిరి. దేశమంతటను జూచినచో ఈ వృత్తివారిలో ఇంచుమించు మూడవ వంతు స్త్రీలే.

1874లో వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికల పాఠశాలను నెలకొల్పిరి. ఆ దినములలో, ఆడపిల్ల చదువు నేర్చినచో దొంగయుత్తరములు వ్రాయునని భయపడిన పెద్దలుండిరి. ఒకటిన్నర శతాబ్దము గడచినది. నేడు అట్టి పెద్దల మునిమనుమలే తమ కూతుండ్రను ఇంజనీరింగు చదివించి, అమీర్‌పేటలో కోచింగు ఇప్పించి, చేతిలో పెట్టె పెట్టి తామే స్వయముగా హాస్టలు వాకిట దించి వచ్చుచున్నారు. ఇది చిన్న మార్పు గాదు. సంస్కర్తలు కోరినదానిలో సగము నెరవేరినది. మిగిలిన సగము ఎచ్చట నిలిచిపోయినదో మా శిష్యురాలి మాటల వలన మాకు దెలిసినది.

మా కుమార్తె ఇంటర్మీడియటు ముగించి హైదరాబాదులో కళాశాలలో జేరదలచినది. ఆ పనిపై మే నెలలో మేమిరువురమును ఖమ్మము నుండి నగరమునకు బోయితిమి. ఆడపిల్లలుండు హాస్టలు ఎట్లుండునో చూచుకొనుడని మా శిష్యురాలు మాదాపూరులో అయ్యప్ప సొసైటీ యందలి తన హాస్టలునకు మమ్ము పిలిచినది. గుమ్మము ముందు, మగవారికి లోనికి ప్రవేశము లేదని పలక వ్రేలాడుచున్నది. మా కుమార్తె వార్డెను వెంట గదులు చూడబోయినది. మేమును మా శిష్యురాలును ఎదుటి టీకొట్టు నొద్ద నిలిచితిమి.

ఆమె వయస్సు ఇరువదియాఱు. తండ్రి ఖమ్మము మిర్చి యార్డులో గుమస్తా. తమ్ముడు ఇంజనీరింగు చదువుచున్నాడు; వాని ఫీజు కట్టునది ఈమెయే. పదవ తరగతిలో మా యొద్ద చదువునప్పుడు చీటీ చూచి వ్రాయని పిల్లలలో నొకతె. ఇప్పుడు ఆమె ఉద్యోగము సాఫ్టువేరులోని తప్పులు పట్టుట. తప్పు కనబడగనే దానికొక సంఖ్య వేసి పట్టికలో నెక్కించవలెనట. కుశలప్రశ్నలైన వెనుక ఆమె తన ఫోను తీసి మాకొక పట్టికను చూపినది. అది ఆఫీసు పట్టిక గాదు.

"సార్, ఇంట్లో ఎవరికి ఏ అబద్ధం చెప్పానో మర్చిపోకుండా ఇందులో రాసుకుంటాను" అనెను. నవ్వుచునే యనెను గాని, ఆ నవ్వు నిలువలేదు.

ఆ పట్టికలో పెద్దవి నాలుగు. మొదటిది పనివేళను గూర్చినది. సాయంకాలము ఏడు గంటలకెల్ల హాస్టలు చేరుదునని ఇంట జెప్పినది. నిజమునకు వారమున రెండు దినములు అమెరికావారితో సమావేశములుండును. అచ్చట పగలైనప్పుడు ఇచ్చట రాత్రి. పదునొకండున్నర దాటిన పిమ్మట కంపెనీ కారులో, కాపలావాని తోడ, హాస్టలు చేరును. కారు బయలుదేరగనే అది యెచ్చట నున్నదో తెలియజేయు గుర్తును ఫోనులో ప్రక్క మంచముపై నుండు పిల్లకు పంపును. తల్లికి పంపదు.

రెండవది జీతమును గూర్చినది. వచ్చుదానికంటె ఐదువేలు తక్కువగా జెప్పి, ఆ ఐదువేలు బ్యాంకులో నెలనెలా దాచుకొనుచున్నది. మూడవది ఒక స్నేహితుని గూర్చినది. అతడు ఆఫీసులో ప్రక్క కుర్చీవాడు. మధ్యాహ్నము కలసి భోజనము చేయుదురు. అంతకుమించి యేమియు లేదు. అయినను ఫోనులో మగగొంతు వినబడినప్పుడెల్ల, క్యాంటీనువాడని చెప్పుచున్నది.

నాల్గవది చెప్పుటకు ఆమె చాలసేపు తడవినది.

గడచిన యేడు ఒక సంబంధము వచ్చినది. అబ్బాయి ఇచ్చటనే ఉద్యోగి. పెద్దల యనుమతితోనే ఇరువురును కొత్తగూడ దగ్గఱ కాఫీ హోటలులో గంటసేపు మాటలాడిరి. అతడు మర్యాదస్థుడు. ఎంచుటకొక్క తప్పు లేదు. కాని ఆమె మనస్సు పోలేదు. ఇంటికి ఫోను చేసి, "నాకు నచ్చలేదు" అని చెప్పినది. అది నిజము. ఆ నిజమును ఇంటిలో ఎవ్వరును తీసికొనలేదు. నచ్చకపోవుటకు కారణమేమని తల్లి, ఏమి తక్కువని తండ్రి, ఇంతకంటె మంచివాడు దొరకునా యని మేనమామ, వయస్సు మీఱుచున్నదని పెద్దమ్మ, పదునైదు దినములు వరుసగా ఫోనులు చేసిరి. పదునాఱవ రాత్రి తల్లి, "తాగుతాడా ఏంది?" అని యడిగినది. ఆనాడు సమావేశము ముగిసి కారులో వచ్చుచున్న ఈ పిల్ల, అలసి, కన్నులు మూసికొని, "అవును" అన్నది. ఒక్క మాట. మరునాటి నుండి ఫోనులు లేవు.

రెండు నెలలు గడచినవి. ఒకనాడు తల్లి సంతోషముతో చెప్పినదట: "ఆ తాగుబోతు సంబంధం మనమే కాదే, వైరా వాళ్లు కూడా తప్పించుకున్నారు. మన పేరయ్య చెప్పాడంట."

ఇది చెప్పి మా శిష్యురాలు మమ్మడిగినది: "సార్, మొదటి మూడూ ఎలాగో మోస్తున్నాను. ఈ నాలుగోది మోయలేకపోతున్నాను. ఆ అబద్ధం నాదా, మా అమ్మదా?"

ఇంతలో మా కుమార్తె గదులు చూచి దిగివచ్చినది. మాట అంతటితో నాగినది. మెట్రోరైలులో తిరిగి వచ్చునప్పుడు మేము చదివిన చదువంతయు త్రవ్వి చూచితిమి.

మన పెద్దలు ఈ విషయమున ఏకవాక్యముగా మాటలాడలేదు. మహాభారతము కర్ణపర్వమున కౌశికుడను బ్రాహ్మణుని కథ కలదు. అతడు సత్యవ్రతుడు. దొంగలకు వెఱచి కొందఱు అతని సమీపమునందలి పొదలలో దాగిరి. దొంగలు వచ్చి యడిగిరి, కౌశికుడు నిజము చెప్పెను, దాగినవారు చచ్చిరి, నిజము చెప్పిన కౌశికుడు నరకమునకు బోయెను. శ్రీకృష్ణుడు ఈ కథను అర్జునునకు జెప్పినది ఎప్పుడు? తాను బట్టిన ప్రతిజ్ఞను నిలుపుకొనుటకై అన్నగారిపైననే అతడు కత్తి దూసినప్పుడు. ఒకరిని బలియిచ్చి నిలుపుకొను సత్యము ధర్మము గాదని దాని తాత్పర్యము.

భాగవతము అష్టమస్కంధమున శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి మఱియొక పట్టిక నిచ్చెను. ఆడవారి విషయమునను, పెండ్లి విషయమునను, ప్రాణముల కొఱకును, ధనమానముల కొఱకును బొంకవచ్చునని యతడు బోధించెను. పోతన తెనిగించిన ఆ పద్యమును తెలుగువారు నేటికిని హాస్యమునకు వాడుకొందురు. ఆ బోధను బలి త్రోసిపుచ్చిన సంగతిని మాత్రము మఱచిపోదురు. ఆ పట్టికను ఈమాఱు మేము క్రొత్తకన్నులతో జూచితిమి. అందు ఆడుది బొంకు వినునదియే గాని, బొంకవలసిన యిక్కట్టులో బడునది గాదు. ఆమెకు జెప్పు అబద్ధమునకు అనుమతి కలదు. ఆమె చెప్పవలసివచ్చు అబద్ధమును గూర్చి శుక్రుడు తలపనే లేదు.

పడమటి దేశపు తత్త్వవేత్త కాంటు 1797లో ఈ విషయముపైననే యొక వ్యాసము వ్రాసెను. హంతకుడు తలుపు తట్టి, నీ స్నేహితుడు లోన నున్నాడా యని యడిగినను అబద్ధమాడరాదని యతని మతము. కౌశికుని కథ విన్నవారికి ఇది క్రూరముగా దోచును. మాకును అట్లే తోచినది. కాని యతడు చెప్పిన కారణములలో నొకటి మమ్ము విడువలేదు. అబద్ధమాడినవాడు ఎంత మంచి తలంపుతో నాడినను, దాని వలన వచ్చు ఫలములకెల్ల, తాను ఊహింపనివానికి సైతము, తానే యుత్తరవాది యగునట. పదునాఱవ రాత్రి కారులో కన్నులు మూసికొని "అవును" అన్న పిల్ల వైరా సంబంధమును ఊహింపగలదా? ఊహింపలేదు. అయినను ఆ ఫలము వచ్చినది.

అయితే ఈ గ్రంథములన్నిటిలోను అడుగువాడు దొంగయో, హంతకుడో, వైరియో. మా శిష్యురాలి కథలో అడుగునది కన్నతల్లి. హంతకుని యెదుట నేమి చెప్పవలెనో కాంటు చెప్పెను, కృష్ణుడు చెప్పెను. ప్రేమించువారి యెదుట నిజము చెప్ప వెఱచినప్పుడు ఏమి చేయవలెనో ఎవ్వరును చెప్పలేదు. గృహములలో నిత్యమును జరుగునది ఇదియే గదా!

మన సంస్కరణ సాహిత్యమున దీనికి సమీపమైన ఘట్టమొకటి గలదు. 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి 1897లో అచ్చైన గురజాడవారి కన్యాశుల్కమున, సుబ్బిని ముసలి లుబ్ధావధానులకు అమ్మజూపినప్పుడు, మేనమామ కరటకశాస్త్రి తన శిష్యునికి ఆడవేషము వేసి ఆ పెండ్లి జరిపించును. అది పెద్ద మోసము. అయినను ఆ నాటకము చూచి నవ్వనివారు లేరు, కరటకశాస్త్రిని తిట్టినవారు లేరు. ఏలయన ఆ మోసము ఒక పసిదానిని గాపాడినది. ఆ పిల్ల నోరు తెఱచి వద్దనినచో విను చెవి ఆ యింట లేదు. కాని ఒక్క సంగతి గమనింపవలెను. అచ్చట అబద్ధమాడినది మేనమామ, సుబ్బి గాదు. నేటి సుబ్బికి చదువు కలదు, జీతము కలదు, ఫోను కలదు. అబద్ధమాడిపెట్టు మేనమామ లేడు. పైగా మేనమామయే ఫోను చేసి, ఇంతకంటె మంచివాడు దొరకునా యని యడుగుచున్నాడు. కావున తన కరటకశాస్త్రి తానే కావలసి వచ్చినది.

ఇంక గృహమునకు వచ్చెదము. మన యిండ్లలో కొడుకు చుట్ట గాల్చుచు తండ్రి రాగానే చేయి వెనుకకు దాచినచో దానిని మర్యాద యందుము. పెద్దల యెడ భయభక్తులున్నవని మెచ్చుకొందుము. కూతురు తాను మధ్యాహ్నము ఎవరితో అన్నము తిన్నదో దాచినచో దానిని మోసమందుము. దాపఱికము ఒక్కటే, దాచినవాని పంచెయో, దాచినదాని చీరెయో చూచి పేరు మార్చుచున్నాము. మఱియు, నూఱబద్ధములాడి యొక పెండ్లి చేయవలెనను సామెత మనదే. ఆ నూఱింటిని పెద్దలాడినచో లోకజ్ఞానము. పెండ్లి తప్పించుకొనుటకు పిల్ల యొక్కటి యాడినచో మహాపాతకము!

నాల్గవ యబద్ధపు విత్తనము ఎచ్చట నున్నదో చూడుడు. ఆ పిల్ల మొదట నిజమే చెప్పినది. "నచ్చలేదు" అను నిజము ఆ యింట చెల్లని నాణెమైనది. కారణము కావలెనన్నారు, ఆ కారణము వరునిలో నుండవలెనన్నారు. అనగా కన్య వలదనుటకు వరుడు చెడ్డవాడై తీరవలెను. మంచివానిని వలదనుటకు ఆమెకు హక్కు లేదు. ఈ నియమమును పెట్టిన యింటిలో, ఒక యబలకు తప్పించుకొను త్రోవ మఱియొకని పేరు చెఱచుటయే. అబద్ధపు మాట సైతము ఆమె కల్పించినది గాదు. తల్లి ప్రశ్నలోనే సిద్ధముగా నున్నది. ఆమె తల యూపినది, అంతియే.

శాసనము సైతము ఈ యింటికంటె ముందు నడచుచున్నది. కూతురు పుట్టుకతోనే కొడుకుతో సమానముగా ఉమ్మడి యాస్తిలో భాగస్వామి యని ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టము 1985 సెప్టెంబరు 5 నుండి అమలునకు వచ్చినది. 2005లో అట్టి హక్కు దేశమంతటికిని గలిగినది. పొలములో సమభాగము వ్రాసి యిచ్చితిమి. కాని "నచ్చలేదు" అను మాటలో సమభాగమింకను ఈయలేదు. కొడుకు, పిల్ల నచ్చలేదని చెప్పినచో పేరయ్య మఱునాడే వేఱు ఫోటో తెచ్చును.

ఇచ్చట తల్లిదండ్రుల పక్షమున ఒక మాట చెప్పకున్న అన్యాయమగును. వారి భయము వట్టిది గాదు. 2013 అక్టోబరులో మాదాపూరులోనే ఒక యువ ఉద్యోగిని, ఇల్లు చేరుటకై ఎక్కిన కారులోనే దౌర్జన్యమునకు గుఱియైనది. మరుసటి యేడు న్యాయస్థానము దోషులిరువురకును శిక్ష విధించినది. ఆ యేడు అక్టోబరులోనే పోలీసువారు షీ టీములను ఏర్పాటు చేసిరి. 2019 నవంబరులో శంషాబాదు సమీపమున యువ పశువైద్యురాలొకతె హత్యకు గుఱియైన వార్త వచ్చిన రాత్రి, ఆడపిల్లను హైదరాబాదులో నుంచిన ఏ తల్లియు సుఖముగా నిద్రపోయి యుండదు. మా శిష్యురాలి తల్లి ఆ రాత్రి ఫోను చేసి, ఉద్యోగము మాని రమ్మని యేడ్చినదట. పనివేళను గూర్చిన యబద్ధము ఆ మరునాడే పుట్టినది.

భయము న్యాయమైనదే. కాని అది చేసిన పనిని చూడవలెను. నిజము చెప్పిన, ఇంటికి రమ్మందురని తెలిసిన పిల్ల నిజము చెప్పుట మానినది. ఫలితమేమి? మంగళవారము రాత్రి పదునొకండున్నరకు కారులో నున్న కూతురు, మంచముపై నిద్రపోవుచున్నదని తల్లి నమ్ముచున్నది. దైవము ప్రతికూలించి ఏదైన జరిగినచో మొదట వెదకవలసినవారు అసలు వెదకనే వెదకరు. కాపాడుటకై పుట్టిన భయము కాపాడువారినే గ్రుడ్డివారిని జేసినది. కారు గుర్తు ప్రక్క మంచము పిల్లకు పోవుచున్నది, ఏలయన ఆ పిల్ల ఏడ్వదు, రమ్మనదు. చూచి, చేరితివా యని యొక్క మాట యడిగి పండుకొనును. కన్నతల్లికి లేని భాగ్యము ఆ పిల్లకు గలిగినది దాని యోరిమి వలననే.

దీనిని బట్టి మాకొక్కటి తోచినది. సత్యము ఒక్కరు చేయు పని గాదు. ఇరువురు కలసి చేయు పని. చెప్పువారికి చెప్పు ధర్మమున్నట్లే వినువారికి విను ధర్మము కలదు. విను ధర్మమనగా, విన్నదానికి శిక్ష వేయకుండుట. మన చూచివ్రాతలలో మొదటి సగమే యున్నది. వ్రాసి యిచ్చినవారము పెద్దలము గనుక రెండవ సగమును వ్రాయలేదు.

ఇంతవఱకు చదివి, అయినచో పిల్ల తప్పేమియు లేదని ఉపాధ్యాయుడే తీర్పు చెప్పుచున్నాడని కొందఱు పాఠకులు విసుగుకొనవచ్చును. మేమట్లు చెప్పుట లేదు. ఆమె ప్రశ్నకు మా యుత్తరము ఆమెకు సంతోషము కలిగించునది గాదు.

ఇద్దఱు కలసి ప్రోనోటు వ్రాసి అప్పు తెచ్చినచో, ఇచ్చినవాడు వారిలో నెవ్వరినైనను పట్టుకొని మొత్తము సొమ్ము అడుగవచ్చును. నాది సగమే యని ఎవ్వరును తప్పించుకొనలేరు. నాల్గవ యబద్ధము అట్టి నోటు. తల్లియు వ్రాసినది, కూతురును వ్రాసినది. ఇచ్చట అప్పులవాడు ఆ యువకుడు. అతనికి తల్లికూతుండ్ర లెక్కలతో పని లేదు. పోయిన పేరు పోయినట్లే. కావున, "నాదా, మా అమ్మదా?" అను ప్రశ్నలో "నీది సగమే" యను నూఱట లేదు. నీది మొత్తము, మీ అమ్మదియు మొత్తము.

మొదటి మూడింటికిని ఈ కఠినత్వము చెల్లదు. అవి మూడవవాని ముల్లె ముట్టలేదు. అయినను వానిలో భేదము కలదు. స్నేహితుని దాచుట, అడుగువారి యనుమానమును జూచి వేసికొన్న చిన్న తెఱ. అది తనంతట తొలగగలదు. జీతమును దాచుట ఇంటివారి తప్పునకు తానిచ్చుకొన్న జవాబు. కాని పనివేళను దాచుట తన ప్రాణముపైననే పందెము గాయుట. ఎంత కోపము వచ్చినను, ఎన్ని కన్నీళ్లు కాఱినను, ఆ నిజము చెప్పి తీరవలెను.

ఇక జీతమును గూర్చి ఒక మాట. జీతము తెచ్చు పిల్ల స్వతంత్రురాలు గనుక ఇంటికి లెక్క చెప్పనక్కఱలేదని నేడు పలువురు యువతులు తలంతురు. మాకు దీనికి విరుద్ధముగా దోచుచున్నది. పట్టెడన్నమునకు ఇంటిపై నాధారపడిన పిల్ల అబద్ధమాడినచో ఆకలి దానికి సాకు. నెలజీతము గలదానికి ఆ సాకు లేదు. జీతము కొనిపెట్టు వస్తువులలో మిక్కిలి విలువైనది చీరె గాదు, ఫోను గాదు. భయము లేక నిజము చెప్పగలుగుట. దానిని కొనక, ఆ సొమ్ము బ్యాంకులో దాచుకొన్నచో ఐదువేలు మిగులును, పట్టిక పెరుగును. "ఐదువేలు నా కొఱకు ఉంచుకొందును, మిగిలినది సంతోషముగా పంపుదును" అని చెప్పుటకు ఆమెకు శక్తి కలదు. ఆమెకు లేనిది తల్లి కన్నీటిని చూచి నిలబడు శక్తి. ఆకలికంటె కన్నీరు బలమైన పాలకుడు. పెద్దలు దీనిని బాగుగా నెఱుగుదురు, ఎఱిగి వాడుచున్నారు.

మేము ఇంటికి వచ్చి ఈ భావములనే యొక యుత్తరముగా వ్రాసి ఆమెకు పంపితిమి. పెద్దలకును మూడు మాటలు చెప్పదలచితిమి. కూతురు చెప్పిన నిజము విన్న రాత్రియే ఏ నిర్ణయమును చేయకుడు, తెల్లవాఱనిండు. "నచ్చలేదు" అన్నచో అది కారణమే యని యొప్పుకొనుడు; మంచివాడు సైతము నచ్చకపోవచ్చును, అందు ఎవ్వరికిని అవమానము లేదు. కూతురి జీతములో నింటికి వచ్చినదానిని కానుకగా తీసికొనుడు, శిస్తుగా వసూలు చేయకుడు. ఇవి గొప్ప త్యాగములు గావు. కాని వీనిని చేసిన యింట పట్టికలతో పని యుండదు.

ఆగస్టు నెలలో ఆమె సెలవు పెట్టి ఖమ్మము వచ్చినది. వంటయింటిలో తల్లి ప్రక్క కూర్చుండి, ఆ యబ్బాయి త్రాగడని, తానే యబద్ధమాడితినని చెప్పినది. తల్లి రెండు దినములు మాటలాడలేదట. మూడవనాడు తండ్రి యార్డునకు బోవుచు పేరయ్య యింటి కడ నాగి, ఆ మాట తప్పని, తమ యింటినుండియే పుట్టినదని చెప్పి వచ్చెను. చెప్పుటకు అతడెంత సిగ్గుపడెనో మేమూహింపగలము. తెగిన వైరా సంబంధము తిరిగి రాలేదు. నోటులో కొంత చెల్లినది. కొంత యెన్నటికిని చెల్లదు. పనివేళను సైతము ఆమె చెప్పినది. ఇప్పుడు కారు గుర్తు రెండు ఫోనులకు పోవుచున్నది. తల్లి పదునొకండున్నర వఱకు మేలుకొని యుండి, ఉదయమున తలనొప్పి యని మూలుగుచున్నదట. ఐదువేల సంగతి మాత్రము పట్టికలో నింకను ఉన్నదని మా శిష్యురాలు వ్రాసినది. తొందరపడుమని మేము వ్రాయలేదు.

మా కుమార్తె ఇప్పుడు హైదరాబాదులో హాస్టలునందున్నది. మొన్నటి శనివారము రాత్రి పదిగంటలకు ఫోను చేసి, "నాన్నా, ఫ్రెండ్స్‌తో సినిమాకి వచ్చాను. ఇంకా బయటే ఉన్నాం" అన్నది. ఎవరినడిగి పోతివను మాట మా నాలుక చివరకు వచ్చినది. ఇన్ని పుటలు వ్రాసిన మాకే వచ్చినది! దానిని మ్రింగి, ఎట్లు తిరిగి వత్తువని మాత్రమడిగితిమి. చెప్పినది. చేరినానని మఱల ఫోను వచ్చువఱకు మాకు నిద్ర పట్టలేదు. ఆమె అబద్ధము చెప్పియున్నచో హాయిగా నిద్రపోయి యుందుము. నిజమునకు వెల ఒకటి యున్నది. దానిని చెప్పువారొక్కరే చెల్లింపవలెనని ఇంతకాలము నల్లబల్లపై వ్రాయుచు వచ్చితిమి.